షాప్ ఉంది, అమ్మకం లేదు: వర్క్‌షాప్ అనే మాట కథ

“బండి వర్క్‌షాప్‌లో ఉంది” అంటే బండికి మరమ్మతు జరుగుతోందని అర్థం. “సారు వర్క్‌షాప్‌లో ఉన్నారు” అంటే సారుకు మరమ్మతు జరుగుతోందని ఎవరూ అనుకోరు. ఏదో హాల్లో, మెడలో కార్డు వేసుకుని, వీలైతే వెనుక వరుసలో కూర్చుని ఉంటారని అర్థం. “రేపు అబ్బాయికి వర్క్‌షాప్ ఉంది” అని తల్లి అంటే ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం గుర్తుకు రావాలి; ఖాకీ చొక్కా ఈ రాత్రే ఉతికి ఆరేయాలి. “షూటింగుకు ముందు నటీనటులు నెల రోజులు వర్క్‌షాప్ చేశారు” అని సినిమా పేజీలో చదివితే అక్కడ స్పానర్లూ ఉండవు, ఖాకీ చొక్కాలూ ఉండవు.

మాట ఒకటే అయినా తెలుగువాళ్లు పెద్దగా తికమక పడరు. పక్కన చేరిన క్రియను బట్టి అర్థం తేల్చుకుంటారు. వర్క్‌షాప్‌కు ఇచ్చేది వస్తువును. వర్క్‌షాప్ నిర్వహించేది సంస్థ. వర్క్‌షాప్ చేసేది నటులు. ఒక్క “పెట్టడం” దగ్గరే చిక్కు. “ఆయన గుంటూరులో వర్క్‌షాప్ పెట్టాడు” అంటే లేత్ మిషను కొన్నాడా, హోటల్లో హాలు మాట్లాడాడా అన్నది తరువాతి వాక్యం వింటే గాని తెలియదు.

ఈ మాట నడిచిన దారి వెంట వెళితే ఒక విచిత్రం కనబడుతుంది. చేతులతో పని చేసేవాళ్లు తమ చోటును షెడ్డు అంటున్నారు. పని గురించి మాట్లాడుకునేవాళ్లు తమ సమావేశాన్ని వర్క్‌షాప్ అంటున్నారు. పేరు ఒకరిది, వాడకం ఇంకొకరిది అయింది.

ముందు షాప్ సంగతి. ఆ మాట వినగానే మనకు గల్లాపెట్టె, తూకం, బేరం గుర్తొస్తాయి. పాత ఇంగ్లీషులో దాని మూలరూపానికి పాక, పందిరి వంటి చిన్న కట్టడం అని అర్థం. చెప్పులు కుట్టేవాడు ఆ పాకలోనే కుట్టేవాడు, ముందువైపు వేలాడదీసి అక్కడే అమ్మేవాడు. తయారీ, అమ్మకం వేరు పడ్డాక అమ్మే చోటుకు షాప్ అన్న పేరు స్థిరపడింది. తయారుచేసే చోటును విడిగా చెప్పడానికి ముందు ‘పని’ని తగిలించారు. 16వ శతాబ్దం నాటికే ఈ జంట మాట ఇంగ్లీషులో ఉంది. తెలుగులో దీనికి అచ్చంగా సాటి వచ్చే జత కొట్టం, కొట్టు. పశువుల కొట్టం అంటే పాక, కిరాణా కొట్టు అంటే దుకాణం. కంసాలి కొట్టు దగ్గర రెండూ ఇంకా విడిపోలేదు: కుంపటి లోపలే, బేరమూ అక్కడే.

అమ్మకంతో సంబంధం లేని ఆ పాత అర్థం ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్న చోటు రైల్వే. లాలాగూడలో పనిచేసే కార్మికుడు “పెయింట్ షాపులో చేస్తాను” అంటే కొత్తవాళ్లు ఆయన రంగుల డబ్బాలు అమ్ముతాడనుకోవచ్చు. రైల్వే వర్క్‌షాప్‌లో ప్రతి విభాగమూ షాపే: వీల్ షాప్, బోగీ షాప్, మెషీన్ షాప్, పెయింట్ షాప్. వీటిలో ఒక్కదానిలోనూ ఏదీ అమ్మరు. మన దేశంలో తొలి పూర్తిస్థాయి రైల్వే వర్క్‌షాప్ బీహార్‌లోని జమాల్‌పూర్‌లో 1862లో మొదలైంది. నిజాం రైల్వే సికింద్రాబాద్ పక్కన లాలాగూడలో 1893లో తన వర్క్‌షాప్ పెట్టుకుంది. తరువాతి కాలంలో విజయవాడ పక్కన రాయనపాడులో వ్యాగన్లకు, తిరుపతిలో పెట్టెలకు వర్క్‌షాప్‌లు వచ్చాయి.

షెడ్డుకూ వర్క్‌షాప్‌కూ మధ్య రైల్వేలో ఉన్నంత స్పష్టమైన గీత ఇంకెక్కడా లేదు. ఇంజను రోజువారీ బాగోగులు, చిన్న మరమ్మతులు, కొద్ది రోజులకోసారి జరిగే పరీక్షలు షెడ్డులో జరుగుతాయి. కాజీపేట, విజయవాడ, గుత్తి లోకో షెడ్లు అలాంటివే. కొన్నేళ్లకోసారి ఇంజన్నో పెట్టెనో చక్రాల నుంచి కప్పు దాకా విప్పేసి, అరిగినవి మార్చి, మళ్లీ బిగించి రంగు వేసి పంపడం వర్క్‌షాప్ పని. ఉద్యోగుల నోట అది పీవోహెచ్, అంటే పీరియాడిక్ ఓవర్‌హాల్. “పెట్టె పీవోహెచ్‌కు వెళ్లింది” అంటే ఇప్పట్లో తిరిగి రాదని లెక్క. ఆర్టీసీలోనూ ఇదే వరస. బస్సుకు రాత్రిపూట డిపో గ్యారేజీలో చూసేది వేరు. ఇంజను విప్పి కొత్తగా చేసేది జోనల్ వర్క్‌షాప్‌లో. ఉప్పల్, కరీంనగర్, విజయవాడ విద్యాధరపురం పేర్లు ఆర్టీసీ కుటుంబాలకు అలాగే పరిచయం. రోడ్డు పక్క మెకానిక్ విషయానికి వస్తే ఈ తేడాలేవీ పనిచేయవు. బోర్డు మీద వర్క్‌షాప్ అని రాయిస్తాడు, నోటితో షెడ్డు అంటాడు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ యజమానిని అడిగితే “బండి షెడ్డులో ఉంది” అనే చెబుతాడు.

ఇంగ్లీషు మాట రాకముందు ఇలాంటి చోటును ఏమనేవారు? సంస్కృతంలో అందరికీ సరిపోయే మాట ఒకటి ఉండేది. “ఆవేశనం శిల్పిశాలా” అంటుంది అమరకోశం. ఆవేశనం అంటే శిల్పులు, పనివాళ్లు పనిచేసే శాల. ఇవాళ ఆవేశం అంటే కోపంతో ఊగిపోవడం అయింది గాని, రెండింటికీ ‘ప్రవేశించడం’ అన్న అర్థమున్న ధాతువే మూలం. ఈ ఆవేశనానికి పెద్దగా ఉన్న ఒక మనిషి పేరు రాతి మీద మిగిలింది. సాంచీ మహాస్తూపం దక్షిణ తోరణం మీద, శాతకర్ణి రాజు దగ్గర ఆవేసనిగా ఉన్న వాసిఠీపుత్ర ఆనందుడి దానం అని ప్రాకృతంలో చెక్కి ఉంది. శాతవాహనుల కాలపు పనివాళ్ల పెద్ద అతను. రాజుల బిరుదులు శాసనాల్లో కొల్లలుగా దొరుకుతాయి. వర్క్‌షాప్ ఫోర్‌మన్ పేరు దొరకడం అరుదు.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో బంగారం పని జరిగే అక్షశాల వర్ణన ఇంకా ముచ్చటైనది. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు గదులు, అన్నిటికీ కలిపి ఒకే వాకిలి ఉండేలా దాన్ని కట్టించాలి. అక్కడ పని లేనివాడు లోపలికి రాకూడదు. పనివాళ్లు లోపలికి వెళ్లేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు బట్టలు, చేతులు, ఒళ్లు తనిఖీ చేయాలి. గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు సంచులు విప్పించి చూసే అలవాటుకు ఇంత వయసుందన్నమాట. ఆ అక్షశాల అనే మాటే అరిగి అక్కసాలె, అగసాలె అయింది. మొదట చోటుకు ఉన్న పేరు చివరికి అక్కడ పనిచేసే మనిషికి, అతని కులానికి అంటుకుంది.

తెలుగులో ఈ అంటుకోవడం బాగా లోతుకు వెళ్లింది. మన సొంత మాటల్లో అన్ని పనులకూ పనికొచ్చే పేరు లేదు. కమ్మరికి కొలిమి, కుమ్మరికి ఆవం, నేతగాడికి మగ్గం గుంట, నూనె తీసేవాడికి గానుగ. ఒక్కొక్కటీ నిప్పు పేరో, గుంట పేరో, యంత్రం పేరో. ‘పని’ అనే మాట దేనిలోనూ లేదు. మాటలు దొరకక కాదు. కమ్మరి పనిని, కుమ్మరి పనిని ఒకే కప్పు కింద ఊహించాల్సిన అవసరం ఆ ఊరికి రాలేదు. ఎవరి పని వారి ఇంటి వసారాలో, వారి కులంలో ఉండేది. వడ్రంగికైతే చోటు కూడా అక్కరలేదు. బాడిస, ఉలి, చిత్రిక సంచిలో వేసుకుని రైతు ఇంటి ముందు వేపచెట్టు కిందే నాగలి చెక్కేవాడు.

కొలిమిని కాస్త దగ్గరగా చూస్తే వర్క్‌షాప్ అనే మాటలోని సారమంతా అక్కడే ఉంది. రైతు మొద్దుబారిన కర్రు తెచ్చి పడేస్తాడు. బొగ్గుల్లో పెట్టి తిత్తి ఊదుతారు. ఇప్పుడైతే తిత్తి పోయి చిన్న బ్లోయర్ వచ్చింది. ఎర్రబడిన కర్రును పట్టకారుతో దాగలి మీదికి తెచ్చి కమ్మరి చిన్న సుత్తితో ఒక చోట తాకిస్తాడు. ఎదురుగా నిలబడ్డ కుర్రాడు సరిగ్గా అక్కడే సమ్మెట వేయాలి. “ఇక్కడ కొట్టు” అని నోటితో చెప్పడం ఉండదు. సుత్తి దెబ్బే సూచన. సాగిన మొనను నీళ్లతొట్టిలో ముంచితే చుయ్యిమంటుంది. రంగు చూసి ముంచాలి. ముందు ముంచితే ఒక తీరు, ఆలస్యమైతే ఇంకో తీరు. ఈ చదువుకు పుస్తకం లేదు, గంట లేదు. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో కాచిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చారంటే, దాని వెనుక ఉన్నదీ ఈ కంటిచూపే.

‘పని’నీ ‘ఇంటి’నీ కలిపిన సాధారణ పేరు మనకు మొదట ఫారసీ నుంచి వచ్చింది. కార్ అంటే పని, ఖానా అంటే ఇల్లు, కలిపితే కార్ఖానా. ఇంగ్లీషువాళ్లు కట్టిన జంట కూడా ఇదే పద్ధతిలోది. తెలంగాణలో ఈ మాట ఇప్పటికీ సజీవంగా ఉంది. బీడీల కార్ఖానా అంటారు, సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచే షెడ్డును కార్ఖానా అంటారు. సికింద్రాబాద్‌లో ఒక పేట పేరే కార్ఖానా. ఆ దారిన వెళ్లే సిటీ బస్సు కండక్టరు రోజుకు ఎన్నిసార్లు ఈ ఫారసీ మాటను పిలుస్తాడో లెక్కలేదు. పత్రికల తెలుగు మాత్రం సంస్కృతం వైపు వెళ్లి కర్మాగారం చేసుకుంది. అది విశాఖ ఉక్కు కర్మాగారం స్థాయికి ఎదిగిపోయింది. ఇద్దరు మనుషులు వెల్డింగు చేసుకునే రేకుల పాకను కర్మాగారం అంటే వెక్కిరించినట్టు ఉంటుంది. అలా చిన్న పనిచోటుకు రాతలో మర్యాదైన తెలుగు పేరు లేకుండా పోయింది, ఆ ఖాళీలోకి వర్క్‌షాప్ వచ్చి కూర్చుంది.

చిన్నదెక్కడ ఆగుతుంది, పెద్దదెక్కడ మొదలవుతుంది అన్నది చట్టానికి పనికొచ్చే ప్రశ్న. బ్రిటన్‌లో 1878 చట్టం యంత్రశక్తి వాడితే ఫ్యాక్టరీ, వాడకపోతే వర్క్‌షాప్ అని గీత గీసింది. మన 1948 ఫ్యాక్టరీల చట్టం తలలు లెక్కపెట్టింది: కరెంటుతో పని జరిగితే 10 మంది, లేకుంటే 20 మంది ఉన్న చోటు ఫ్యాక్టరీ. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్ ఆ అంకెలను 20, 40 చేసింది. గీతకు ఇవతల ఉంటే తనిఖీలు, రిజిస్టర్లు, మరుగుదొడ్ల నియమాలు చాలావరకు తప్పుతాయి. పాత పదిమంది లెక్క ఉన్న రోజుల్లో హాజరు పట్టీలో తొమ్మిదో పేరు దగ్గరే పెరుగుదల ఆగిపోయే షెడ్లు ఎందుకుండేవో వేరే చెప్పక్కరలేదు.

కులాలుగా విడిపోయిన పనులను నిజంగా ఒకే కప్పు కిందికి తెచ్చింది ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు, ఇంజనీరింగ్ కాలేజీలు. మొదటి సంవత్సరం విద్యార్థి కమ్మరి పని, వడ్రం, రేకు పని, ఫిట్టింగు, ఇంటి వైరింగు వరుసగా చేస్తాడు. ఊళ్లో ఐదు వాకిళ్లలో ఉండేవి ఇక్కడ ఒక టైంటేబుల్లో ఐదు గడులు. వీటిలో చాలామందికి గుర్తుండిపోయేది ఫిట్టింగు. రెండు ఇనుప ముక్కలు ఇస్తారు. ఒకదానిలో వి ఆకారంలో గాడి, రెండోదానికి అందులో సరిపోయే మొన. వైస్‌లో బిగించి ఆకురాయితో రాస్తూ పోవాలి. అంచు సమంగా వచ్చిందో లేదో తెలియాలంటే ట్రైస్క్వేర్ ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తారు. సందులోంచి సన్నని వెలుగు గీత కనబడితే పని కానట్టే. మళ్లీ రాయాలి. రాసిన కొద్దీ ముక్క తగ్గుతుంది. ఎక్కువ రాసేస్తే పోయిన ఇనుము తిరిగి రాదు. పరీక్షలో చెరిపి రాయడానికి అలవాటు పడ్డ పిల్లవాడికి ఇది మొదటి దెబ్బ. అర చేతిలో బొబ్బలు వస్తాయి, చొక్కా జేబులోకి కూడా ఇనుప రజను చేరుతుంది. ఆ తరువాత జేఎన్‌టీయూ సిలబస్‌లో ఐటీ వర్క్‌షాప్ కూడా చేరింది: కంప్యూటర్ విప్పి బిగించడం, ఆపరేటింగ్ సిస్టం ఎక్కించడం. స్క్రూడ్రైవర్ ఉంది కాబట్టి పేరు కొంత నప్పింది.

ఇక అసలు మలుపు. పనిచోటు పేరు సమావేశానికి ఎలా వచ్చింది? ఒక దారి నాటకం మీదుగా వచ్చింది. హార్వర్డ్‌లో జార్జ్ పియర్స్ బేకర్ అనే ఆచార్యుడు నాటక రచన నేర్పే పాఠానికి సంఖ్య 47. విద్యార్థులు రాసిన నాటకాలను కాగితం మీద దిద్ది ఊరుకోకుండా వేదిక ఎక్కించడానికి ఆయన 1912లో 47 వర్క్‌షాప్ మొదలుపెట్టాడు. చూసేవాళ్లు చప్పట్లు కొట్టి వెళ్లిపోవడానికి లేదు, అభిప్రాయం రాసి ఇవ్వాలి. రచయిత దాన్ని బట్టి మళ్లీ రాయాలి. వెలుగు గీత చూసి మళ్లీ ఆకురాయి పట్టడం లాంటిదే ఇది. రెండో దారి ఉపాధ్యాయులది. 1936 వేసవిలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో బడిపంతుళ్లు తమ తమ బడుల్లోని చిక్కులు వెంట తెచ్చుకుని, వాటి మీదే కూర్చుని పాఠ్యప్రణాళికలు తయారుచేశారు. ఉపన్యాసాలు వినడానికి వచ్చినవాళ్లు కాదు కనుక సెమినార్ అనలేదు, వర్క్‌షాప్ అన్నారు. అదే ఏడాది అయోవా యూనివర్సిటీలో రచయితల వర్క్‌షాప్ కూడా మొదలైంది. ఆ పేరు పెట్టిన రోజుల్లో అందులో పోలిక సూటిగా ఉంది: ఏదో ఒకటి చేసి చూపించాలి, అది పదిమంది ముందు పెట్టాలి, తప్పు తేలితే సరిచేయాలి.

తెలుగులోకి ఈ అర్థం వచ్చేసరికి పేరు సమస్య మొదలైంది. హిందీ బాటలో కార్యశాల అన్నారు. శాల అంటే మనకు కట్టడం: పాఠశాల, గోశాల, వంటశాల. అందుకే “రెండు రోజుల కార్యశాల” అనగానే చెవికి ఎక్కడో గుచ్చుకుంటుంది. రెండు రోజులుండే శాల ఏమిటని. అలాగని చోటు పేరు సందర్భానికి మారడం తెలుగుకు కొత్త కాదు. మయసభ అంటే భవనం, బహిరంగ సభ అంటే జనం. కలెక్టరు కచేరీ ఆఫీసు, సంగీత కచేరీ పాట. శిబిరం ఒకప్పుడు సైన్యం దిగిన గుడారాలు, ఇప్పుడు కంటి పరీక్షల శిబిరం. కార్యశాల కూడా ఇంకో తరం గడిస్తే అరిగి నున్నబడవచ్చు. ఈలోగా పత్రికలు అవగాహన సదస్సు, శిక్షణ శిబిరం, కార్యగోష్ఠి అని ఏది చేతికి అందితే అది వాడేస్తున్నాయి. ఇవి ఒకటి కాదు. సదస్సులో కొందరు చెబుతారు, మిగిలినవాళ్లు వింటారు. గోష్ఠిలో అందరూ మాట్లాడతారు. శిక్షణలో తెలిసినవాడు తెలియనివాడికి నేర్పుతాడు. వర్క్‌షాప్‌లో అందరూ చేస్తారు. పాఠ్యపుస్తకం రాయడానికి ఉపాధ్యాయులు పది రోజులు కూర్చుంటే అది కచ్చితంగా కార్యశాల. చివర్లో ఒక రాతప్రతి చేతికి వస్తుంది.

మరి ఆహ్వానపత్రిక మీద వర్క్‌షాప్ అని అచ్చయిన వాటిలో ఎన్ని వర్క్‌షాప్‌లు? జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ముఖ్య అతిథి ప్రసంగం, టీ, ఇంకో ప్రసంగం, భోజనం, సర్టిఫికెట్లు, గ్రూప్ ఫోటో. పాల్గొన్నవాళ్ల చేతులు కదిలింది ఒక్క భోజనం దగ్గరే. లోపలికి అడుగుపెట్టగానే కుర్చీలు ఎలా వేశారో చూస్తే సంగతి తెలిసిపోతుంది. అన్నీ వేదిక వైపు తిరిగి ఉంటే అది సదస్సు. బల్లల చుట్టూ ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. సదస్సును సదస్సు అనడంలో నామోషీ ఏమీ లేదు. మంచి ఉపన్యాసం మంచిదే. అయితే పదోన్నతులకు, నివేదికలకు వర్క్‌షాప్ అన్న పేరుకు బరువు ఎక్కువ, అందుకే ఆ బోర్డు.

నటుల వర్క్‌షాప్ ఈ విమర్శకు కాస్త ఎడంగా నిలుస్తుంది. అక్కడ యాస పట్టుకోవడం, కర్రసాము నేర్వడం, ఎదుటి పాత్రతో సన్నివేశం ఆడి చూడటం, అంతా ఒంటితో చేసే పనే. కంప్యూటర్ శాస్త్రంలో పెద్ద సదస్సుకు అనుబంధంగా, ఇంకా పచ్చిగా ఉన్న ఆలోచనలు పంచుకునే చిన్న సమావేశాన్ని వర్క్‌షాప్ అంటారు. కంప్యూటర్ ఆటలాడే పిల్లలకైతే స్టీమ్ అనే ఆటల వేదికలో 2011లో వచ్చిన స్టీమ్ వర్క్‌షాప్ తెలుసు. ఆటగాళ్లే తయారుచేసిన వస్తువులు, మార్పులు పంచుకునే చోటు అది. దానికి చోటు కూడా లేదు, తేదీ కూడా లేదు.

చిత్రకళలో ఇంకో వాడకం ఉంది, డబ్బుతో ముడిపడినది. యూరప్ మ్యూజియాల్లో కొన్ని బొమ్మల కింద చిత్రకారుడి పేరు కాకుండా ‘రూబెన్స్ వర్క్‌షాప్’ అని రాసి ఉంటుంది. అంటే ఆయన పర్యవేక్షణలో శిష్యులు వేసినదని. ఆ ఒక్క మాట చేరితే వేలంలో ధర దిగిపోతుంది.

రోడ్డు పక్క మెకానిక్‌లను కూడా ఇప్పుడు వర్క్‌షాప్‌లకు పిలుస్తున్నారు. పెట్రోలు బండి చప్పుడు విని జబ్బు చెప్పగల మనిషికి బ్యాటరీ బండి కొత్త. చప్పుడే లేదు కదా. షెడ్డుకు తాళం వేసి, చేతుల మీది గ్రీజు కిరోసిన్‌తో కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ఏసీ హాల్లో కూర్చుంటారు. తెర మీద మోటారు బొమ్మ, బాణం గుర్తులు కదులుతుంటాయి. భోజనాల తరువాత హాలు వెనుక వరండాలో నిజం బండిని స్టాండు వేసి నిలబెట్టి, సీటు ఎత్తి, బ్యాటరీ మూత విప్పుతారు. అప్పుడు కుర్చీలన్నీ ఖాళీ అవుతాయి. ఇస్త్రీ చొక్కాల చేతులు పైకి మడిచి, ఒకరి భుజం మీదుగా ఒకరు తొంగిచూస్తూ, “ఆ వైరు ఎటు పోతుంది?” అని అడగడం మొదలుపెడతారు.